బండికి ఇనుప మీసం!

వ్యాను ముందు నాలుగు ఇనుప కమ్మీలుంటే యజమానికి అదో ధీమా. ఆ ధీమాని కొలత తీసి, వంచి, అతికి, రంగేసి ఇచ్చిన చోటు బెజవాడ ఆటోనగర్. ఇంతకీ ఆ గార్డు ఎవరిని కాచింది? ఎవరిని కాటేసింది? దాన్ని చేసిన విద్యకి ఇప్పుడు పనేముంది? ఆటోనగర్ వీధుల్లోకి వెళ్తే జవాబులు దొరుకుతాయి.

టంగ్... టంగ్... టంగ్!

బందరు రోడ్డు మీద పటమట దాటి, ఆటోనగర్ గేటు దగ్గర లోపలికి తిరిగితే ముందుగా పలకరించేవి సుత్తులు. ఆ తర్వాత గ్రైండర్ల రొద, వెల్డింగు మెరుపులు, కాలిన ఇనుము వాసన. ఒక షెడ్డులో క్యాబిన్ లేని లారీ ఛాసిస్ ఒకటి అస్థిపంజరంలా నిలబడి ఉంటుంది. పక్క షెడ్డులో దానికి చెక్కలు కోస్తుంటారు. ఇంకాస్త ముందుకెళ్తే కమాన్ పట్టీలు సరిచేసేవాళ్లు, రేడియేటర్లకు మాట్లేసేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు, లేత్ మిషన్ల వాళ్లు. చివరికి లారీ వెనక 'సౌండ్ హారన్' అని రాసే పెయింటర్ దాకా... బండికి కావలసిన వాళ్లంతా ఒక్కచోటే! ఉట్టి ఛాసిస్‌గా వచ్చిన బండి ఇక్కణ్నుంచి లారీ అయి వెళ్తుంది.

ఊళ్లో ఇళ్ల మధ్య, రోడ్ల పక్కన చెల్లాచెదురుగా ఉన్న మెకానిక్ షెడ్లకు వేరే చోటుండాలనే ఆలోచనతో 1966లో జవహర్ ఆటోనగర్ ఏర్పడింది. తర్వాత తర్వాత ఆ పేరే ఓ జాతిపేరైపోయింది. గుంటూరు, గాజువాక, హైదరాబాద్... ఎక్కడ మెకానిక్ షెడ్ల కాలనీ వెలిసినా అది ఆటోనగరే. అయినా 'ఆటోనగర్ పని' అంటే బండ్లవాళ్లకి ముందు గుర్తొచ్చేది బెజవాడే. కంపెనీ వాళ్లు చేసిచ్చింది చాలక, తమకు నచ్చినట్టు చేయించుకోవాలనుకున్న వాళ్లంతా ఇక్కడికే వచ్చేవారు. అలా చేయించుకున్న వాటిలో ఒకప్పుడు ముందు వరసలో ఉండేది... గార్డు. కొందరు బంపర్ గార్డు అన్నారు, కొందరు క్రాష్ గార్డు అన్నారు, ఇంకొందరు బుల్ బార్ అన్నారు. పేరేదైనా పని ఒకటే. బండి ముక్కు ముందు ఇనుప కాపలా. చూడ్డానికి మాత్రం బండికి మీసం మొలిచినట్టుండేది!

ముక్కు లేని బండి

జీపులకీ, సుమోలకీ గార్డు ఒక దర్జా. వ్యాన్లకు మాత్రం దాని వెనక భయం ఉంది.

1984లో మారుతీ వ్యాన్ రోడ్డెక్కింది. తర్వాత దాని పేరు ఓమ్ని అయింది. మధ్యతరగతి ఇళ్లకి అదో వరం. తిరుపతి మొక్కు తీర్చుకోవాలన్నా, పెళ్లికి ఇంటిల్లిపాదీ తరలాలన్నా, పిల్లల్ని బడికి పంపాలన్నా అదే. కిరాణా కొట్టుకి సరుకు తేవడానికీ అదే, ఆసుపత్రికి అంబులెన్సూ అదే. అయితే ఒకటే గుబులు. కారుకైతే ముందు ఇంజిను, దానిమీద బానెట్ ఉంటాయి. డ్రైవరుకీ ఎదురుగా వచ్చేదానికీ మధ్య నాలుగడుగుల అడ్డు. ఓమ్నిలో ఇంజిను ముందు సీట్ల కింద ఉంటుంది. డ్రైవరు మోకాళ్లకు ఎదురుగా ఉండేది ఓ పల్చటి రేకు, దానవతల బంపరు... అంతే!

ఇక రోడ్ల సంగతి. బందరు రోడ్డులో ఉయ్యూరు వైపు రాత్రిపూట వెళ్తే వెనక ఎర్రదీపమైనా లేని చెరకు బండ్లు. నూజివీడు మామిడి వ్యాన్లకూ, కైకలూరు చేపల వ్యాన్లకూ తెల్లవారకముందే మార్కెట్‌కి చేరాలన్న తొందర. మధ్యలో హఠాత్తుగా రోడ్డెక్కే గేదెలు. గేదె అంటే మాటలా? ఐదు క్వింటాళ్ల మనిషి... కాదు, ఐదు క్వింటాళ్ల జంతువు! చీకట్లో నల్లగా కలిసిపోయి, లైటు వెలుగులో పడేసరికే దగ్గరికి వచ్చేస్తుంది.

అందుకే కొత్త వ్యాను కొన్న వారంలోపే చాలామంది ఆటోనగర్ దారి పట్టేవారు. గార్డు కూడా వాళ్ల నమ్మకాన్ని పూర్తిగా వమ్ము చేయలేదు. సందులో గోడకు రాసుకున్నప్పుడు, పార్కింగులో వెనక్కొస్తున్న ఆటో తగిలినప్పుడు, దారికి అడ్డంగా మేక దూకినప్పుడు... దెబ్బ గార్డు మీదకు పోయింది, లైటు అద్దం దక్కింది. అలాంటి చిన్న చిన్న సంఘటనలే దానికి పేరు తెచ్చాయి. మేకను ఆపింది కాబట్టి లారీని కూడా ఆపుతుందనుకోవడమే పొరపాటు.

చువ్వతో కొలత... ఇసుకతో వంపు

గార్డు పనికి కాగితం మీద డ్రాయింగులుండేవి కావు. షెడ్డు గచ్చే కాగితం, సుద్దముక్కే పెన్సిలు. పల్చటి ఇనుప చువ్వ ఒకటి తీసుకుని వ్యాను ముక్కుకి ఆనించి, దాని వంపు ప్రకారం చేత్తోనే వంచేవారు. ఆ చువ్వే నమూనా. దాన్ని గచ్చు మీద పెట్టి సుద్దతో గీత గీస్తే... గార్డు సగం తయారైనట్టే.

తర్వాత పైపు. రెండంగుళాల బి-క్లాసు పైపు మీటరుకు ఐదు కిలోల దాకా తూగుతుంది. దాన్ని ఊరికే వంచితే వంపు దగ్గర చప్పిడైపోతుంది. అందుకని పైపు నిండా పొడి ఇసుక దట్టించి, రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టేవారు. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, నెమ్మదిగా వంచేవారు. లోపలున్న ఇసుక పైపు గోడల్ని నొక్కుకుపోనివ్వదు. ఇసుకలో తడి ఉందా... ఆవిరి పుట్టి బిరడా తుపాకీ గుండులా ఎగిరిపోతుంది. అందుకే ముందు ఇసుకని పెనం మీద వేయించినట్టు ఆరబెట్టుకోవడం పనిలో మొదటి పాఠం. పైపులు వంచే మిషన్లు వచ్చాక ఈ శ్రమ తగ్గింది.

వంచిన పైపుల్ని ఒకేసారి అతికేయరు. ముందు చుక్కలు చుక్కలుగా వెల్డింగు పెట్టి, బండికి ఆనించి చూస్తారు. లైటుకు అడ్డొస్తోందా? ఇండికేటరు కనిపిస్తోందా? నంబరు ప్లేటు దాగిపోయిందా? రేడియేటరుకి గాలి తగులుతుందా? అన్నీ సరిపోతేనే పూర్తి అతుకు. అదీ ఓ మూల నుంచి వరసగా కాదు. కుడిపక్క కాస్త, ఎడమపక్క కాస్త. ఎందుకంటే వేడికి ఇనుము ఓ పక్కకి లాగేస్తుంది. ఒకే పక్క అతుక్కుంటూ పోతే చివరికి గార్డు మూతి వంకరవుతుంది!

కాళ్లలోనే కిటుకు

అసలు విద్య మాత్రం గార్డు కాళ్లలో ఉంది... అంటే దాన్ని బండికి బిగించే చోట. జీపులాంటి బండికి కింద నిచ్చెనలాంటి ఛాసిస్ ఉంటుంది. దానికి పట్టీలు బిగిస్తే సరి. ఓమ్నిలాంటి వ్యానుకి విడిగా ఛాసిస్ లేదు. రేకుల్ని మడిచి, పెట్టెల్లా చేసి, అన్నిటినీ కలిపి అతికిన శరీరమే దాని బలం. ఆ రేకుకి బెజ్జం పెట్టి బోల్టు బిగిస్తే నాలుగు గతుకులకే బెజ్జం చిరుగుతుంది.

పనితెలిసిన మేస్త్రీలు దానికి మందు కనిపెట్టుకున్నారు. రేకు వెనక అరచేయంత మందపాటి పట్టీ పెడితే బోల్టు లాగుడు ఒక్క చుక్క మీద కాకుండా పట్టీ అంతటా పరుచుకుంటుంది. పెట్టెలాంటి భాగానికి బోల్టు బిగించేటప్పుడు లోపల చిన్న పైపు ముక్క తొడిగితే, ఎంత బిగించినా పెట్టె నలగదు. కాళ్లు గార్డుతో కలిసే మూలల్లో త్రికోణాకారపు ఇనుప ముక్క అతికితే ఊగడం ఆగుతుంది. బోల్టులకు స్ప్రింగ్ వాషర్లు వేస్తే అదురుకి వదులు కావు. బండి మీద వెల్డింగు చేయాల్సి వస్తే బ్యాటరీ తీగ పీకాకే మొదలు. ఇవన్నీ పుస్తకాల్లో చదివినవి కావు, చేసీ చేసీ చేతికి అబ్బినవి.

అన్నీ కలిపితే పాతిక ముప్పై కిలోలు. ఖాళీ ఓమ్ని బరువే 800 కిలోలకు అటూ ఇటూ. గతుకుల రోడ్డులో గార్డు గడగడలాడుతోందని యజమాని మళ్లీ వస్తే ఇంకో పట్టీ పడేది, ఇంకో మూల గట్టిపడేది. గార్డు ఎంత గట్టిగా ఉంటే పనితనం అంత గొప్ప అని లెక్క.

చిక్కంతా అక్కడే ఉంది!

దెబ్బ ఎక్కడికి పోతుంది?

గుడ్డుని గడ్డివాములోకి విసిరితే పగలదు. అదే వేగంతో బండకేసి కొడితే? గడ్డి లోపలికి అణిగింది, గుడ్డు ఆగడానికి కాస్త టైమిచ్చింది. బండ ఇవ్వలేదు. తేడా అంతే. బండ్ల ముక్కులూ ఈ సూత్రం మీదే తయారవుతాయి. ఢీకొన్నప్పుడు ముందు భాగం మడతలు పడుతూ నలగాలి. అది నలిగేకొద్దీ లోపలి మనిషికి తగిలే దెబ్బ తగ్గుతుంది. కారు ముక్కు నుజ్జయిందని మనం బాధపడతాం కానీ... అది నుజ్జవడమే దాని ఉద్యోగం!

మనుషులతో కలిపి ఒక టన్ను బరువున్న వ్యాను గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లి గోడని గుద్దితే, ఆ దెబ్బ అదే వ్యాను 14 మీటర్ల ఎత్తు నుంచి నేలమీద పడ్డంత. అంటే నాలుగంతస్తుల మేడ పైనుంచి! వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. ఇంత శక్తి ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. గట్టి గార్డు దాన్ని మింగదు, అందుకుని వెనక్కి అందిస్తుంది. నలగాల్సిన రేకు నలగకముందే, గార్డు రెండు కాళ్లూ రెండు గునపాల్లా వెనక్కి నెట్టుకొస్తాయి. బలంగా బిగించిన కొద్దీ ఆ పోటు సూటిగా లోపలికే వస్తుంది. వ్యానులో ఆ గునపాలకు ఎదురుగా ఉండేవి డ్రైవరు కాళ్లు.

మరి వ్యాను యజమానుల భయం ఉత్తదేనా? కానే కాదు. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసినప్పుడు, ఎయిర్‌బ్యాగులు లేని మారుతీ ఈకో వ్యానుకి పెద్దల రక్షణలో సున్నా స్టార్లే వచ్చాయి. భయం నిజమే, మందే తప్పు. బలహీనమైన గోడకి బరువైన తలుపు బిగిస్తే గోడ బలపడదుగా!

ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో ఇంకో చిక్కు. దెబ్బ ఎంత తీవ్రంగా ఉందో సెన్సర్లు కనిపెట్టి, రెప్పపాటు కంటే తక్కువ సమయంలో సంచీ విప్పాలా వద్దా అని నిర్ణయిస్తాయి. కంపెనీ వాళ్లు ఆ లెక్కని గార్డు లేని బండి మీద పరీక్షించి పెట్టారు. ముందు పరాయి ఇనుము చేరితే సెన్సరుకు అందే కబురే మారిపోతుంది. సంచీ ఆలస్యంగా విచ్చుకోవచ్చు, అనవసరంగా విచ్చుకోవచ్చు.

రోడ్డు దాటే మనిషి మాటేమిటి?

ఇంతవరకూ బండిలో కూర్చున్నవాళ్ల గురించే. బండి ముందు నడిచేవాళ్లో?

బంపరు రేకు, బానెట్ రేకు మనిషి తగిలితే కాస్తయినా వంగుతాయి. రెండంగుళాల ఇనుప పైపు వంగదు. బల్లపరుపు ముక్కున్న వ్యానుకి గార్డు పైకమ్మీ ఎంత ఎత్తులో ఉంటుందో ఎప్పుడైనా చూశారా? బడికెళ్లే పిల్లల ఛాతీకి, తలకి సరిగ్గా ఎదురుగా. అక్కడ తగిలే దెబ్బంతా ఆ సన్నటి పైపు వెడల్పులోనే పడుతుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. వాళ్లకి సీటు బెల్టు లేదు, ఎయిర్‌బ్యాగు లేదు, చుట్టూ రేకైనా లేదు.

బుల్ బార్‌కి పేరుపడ్డ దేశం ఆస్ట్రేలియా. అక్కడ వందల కిలోమీటర్లు ఊరన్నదే లేని రోడ్లు, సందెవేళ దూకే కంగారూలు. ఆ దేశంలో గార్డు అవసరమే. అయినా వాళ్లు దాన్ని ఇష్టమొచ్చినట్టు చేసుకోనివ్వలేదు. 2002లో గార్డులకంటూ ఓ ప్రమాణం రాసుకున్నారు. యూరప్ దేశాలు 2005లో ఇంకో అడుగు ముందుకేశాయి. బండి ముందు బిగించే రక్షణ చట్రం పాదచారికి ఎంత హాని చేస్తుందో పరీక్షించాకే అమ్మాలన్నాయి. మన బందరు రోడ్డు ఆస్ట్రేలియా ఎడారి కాదు. ఇక్కడ బండి ముందుకి కంగారూలు రావు... సైకిళ్లు, బళ్లు, బడిపిల్లలు వస్తారు.

చట్టం ఏమంటుంది?

కంపెనీ తయారుచేసిన బండి రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది. క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడం ఈ సెక్షన్‌కి విరుద్ధమని, వాటి మీద చర్య తీసుకోవాలని అందులో ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా వేరే కేసులో, కంపెనీ నిర్దేశించిన నిర్మాణానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఆ ఏడాదే ఓమ్ని తయారీ కూడా ఆగిపోయింది. ఢీకొట్టి చూసే పరీక్ష కొత్త నిబంధనల్లో తప్పనిసరైంది. ముక్కు లేని ఆ పాత బండికి దాన్ని దాటే దారి లేకపోయింది.

మీ బండికి ఉందా?

పాత వ్యాను కొన్నప్పుడు గార్డు కూడా దాంతోపాటే వచ్చిందా? అయితే...

* తీయించేయండి. బోల్టులతో బిగించిందైతే పెద్ద పనేం కాదు. వెల్డింగుతో అతికిందైతే గ్యాసుతో కోయించకుండా, గ్రైండరుతో నెమ్మదిగా తీయించండి. చుట్టుపక్కల రేకు వేడికి దెబ్బతినదు.

* తీశాక బెజ్జాల్ని అలా వదిలేయొద్దు. తుప్పు అక్కడే మొదలవుతుంది. శుభ్రం చేయించి, మూయించి, ప్రైమరు, రంగు వేయించండి.

* గార్డు ఉందని అసలు బంపరు తీసేసి ఉంటారు. కంపెనీ బంపరు మళ్లీ బిగించుకోవాలి.

* గార్డున్న బండికి ఇంతకుముందు దెబ్బ తగిలి ఉంటే అది బిగించిన చోట రేకు మడతపడిందేమో కిందనుంచి చూపించండి.

* బీమా కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పు క్లెయిం అడిగినప్పుడు తంటా తెస్తుంది. ఫిట్‌నెస్ పరీక్షలోనూ అడ్డుపడుతుంది.

* రాత్రి ప్రయాణంలో గేదె భయానికి మందు ఇనుము కాదు. మసకబారిన లైటు అద్దాలు మార్చడం, లైట్ల కోణం సరిచేయించడం, వేగం తగ్గించడం. వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవడం.

వెనకాల కట్టే కాపలా

మరి గార్డు పోయిందని ఆ విద్య కూడా పోయిందా? లేదు. చోటు మారింది. బండి ముందు నుంచి వెనక్కి!

'ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు'... పేపర్లో ఈ హెడ్డింగు ఎన్నిసార్లు చదివుంటారు! లారీ తొట్టి నేలకి మీటరు ఎత్తులో ఉంటుంది. వెనకనుంచి వేగంగా వచ్చిన కారు బానెట్ దానికిందకి దూరిపోతుంది. తొట్టి అంచు వచ్చి నేరుగా కారు అద్దానికి తగులుతుంది. కారు ముక్కు నలగడానికి అక్కడ ఎదురే లేదు కాబట్టి అది చేయగలిగింది ఏమీ లేదు. అందుకే లారీ వెనక, నేలకి అరమీటరు ఎత్తున అడ్డంగా ఒక దిట్టమైన కమ్మీ ఉండాలంటున్నాయి నిబంధనలు. పక్కలకీ అంతే. చక్రాల మధ్య ఖాళీలోకి బైకు మీద వెళ్లేవాళ్లు, నడిచేవాళ్లు పడిపోకుండా అడ్డుకట్టు ఉండాలి. లారీ బాడీలకు ఏఐఎస్-093, బస్సు బాడీలకు ఏఐఎస్-052 అనే ప్రమాణాలూ వచ్చాయి. సుద్దగీతల కాలం పోయి డ్రాయింగుల కాలం వచ్చిందన్నమాట.

ఈ వెనక గార్డుకి మాత్రం పాత విద్యంతా కావాలి. ఛాసిస్‌కి పట్టు దొరకాలి, మూలలకి త్రికోణపు ముక్కలు పడాలి, బోల్టు లాగుడు ఒక్కచోట పడకూడదు, అతుకు లోపలిదాకా దిగాలి. ఇక్కడ గట్టిదనం దోషం కాదు, గుణం. ఎందుకంటే అది కారుని తొట్టికిందకి పోకుండా ఆపితే, కారు ముక్కు తన పని తాను చేసుకుంటుంది. నలుగుతుంది. మనిషిని కాస్తుంది.

ఈ కమ్మీకి ముందు గార్డుకున్న వైభోగం లేదు. దానికెవరూ క్రోమ్ పూత వేయించరు, దానిమీద పేరు రాయించరు. దించేటప్పుడు ఎత్తేటప్పుడు వంగిపోతే సరిచేయించకుండా తిరిగేవాళ్లూ, అడ్డమొస్తోందని పీకేసేవాళ్లూ ఉన్నారు. అది కాపాడేది లారీనీ కాదు, లారీ యజమానినీ కాదు మరి. వెనక వచ్చే, ముఖం కూడా తెలియని ఎవరినో.

ముందు గార్డుకి డబ్బిచ్చినవాడు తన బండి కోసం ఇచ్చాడు. వెనక గార్డుకి ఇచ్చేవాడు ఎదుటివాడి ప్రాణం కోసం ఇస్తున్నాడు. ఇనుము అదే, అతుకూ అదే. మీసం మాత్రం ఇప్పుడు సరైన చోట మొలిచింది!